ఎనిమిది తర్వాత వచ్చిన ఏడు

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు క్యాలెండరు విషయంలో నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అది మా ఇంటికి జనవరిలో రాదు. విశాఖపట్నంలో మా మావయ్య దాన్ని డిసెంబరులోనే కొంటాడు. కొన్నాక ఓడలో వచ్చే మనిషి కోసం చూస్తాడు. ఆ మనిషి ఓడ కోసం చూస్తాడు. గరాచర్మలో మా గోడకి అది ఎక్కేసరికి ఉగాది దగ్గర పడుతుంది. పోనీ, వచ్చాకైనా పనికొస్తుందా అంటే, అందులో రాహుకాలం అక్కడి సూర్యుణ్ణి బట్టి వేసింది. మా సూర్యుడు అంతకంటే అరగంట పైనే ముందు లేస్తాడు. ఈ సంగతి మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా "అచ్చేశారు కదరా" అనేది. అందువల్ల ప్రతి ముఖ్యమైన పనికీ నేను ఇక్కడి రాహుకాలంలో ఇంట్లో ఊరికే తిరిగి, అక్కడి రాహుకాలంలో గోడవైపు చూస్తూ కూర్చుని, ఆ తర్వాత ఆలస్యంగా బయల్దేరేవాణ్ణి. నా జీవితంలో చాలా పనులు విశాఖపట్నం టైముకి మొదలయ్యాయి. ఫలితాలు మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే వచ్చాయి.

ఇది ఇప్పుడెందుకు చెప్పానంటే, ప్రత్యేకించి కారణం లేదు. చాలాకాలంగా చెప్పాలనుకుంటున్నాను.

సునామీ వచ్చిన ఆరేడేళ్ళకి నేను డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక టైర్ల దుకాణం పైన ఉన్న గదిలో కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తూ ఉండేవాణ్ణి. కంపెనీలో మేం ముగ్గురం. నాతో కాలేజీలో చదివిన స్నేహితుడు విశాఖపట్నంలోనే ఉండిపోయి అక్కణ్ణుంచి పని చేసేవాడు. ఇక్కడ నేనూ, ఒక అమ్మాయీ. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తెలుగు గడగడా మాట్లాడేది, సగం హిందీ కలిపి. చదవడం మాత్రం రాదు. క్యాలెండరు మీద దేవుడి బొమ్మ చూసి నెల చెప్పేది.

మా మొదటి కస్టమరు, పెద్ద కస్టమరు, చాలాకాలం పాటు ఏకైక కస్టమరు కూడా జంగ్లీఘాట్‌లోని ఒక చిన్న మత్స్యకారుల సంఘం. సునామీలో అక్కడివాళ్ళ పడవలు చాలా పోయాయి. ఎవరో దాతలు ఏడాదికి ఐదేసి పడవలు ఇస్తూ వచ్చారు. పోయినవేమో ఐదు కాదు. అందుకని వరస పెట్టాల్సి వచ్చింది. వరస పెట్టాక తగాదా వచ్చింది. తగాదా వచ్చాక, కంప్యూటరు అయితే ఎవరి చుట్టమూ కాదు కదా అని మమ్మల్ని పిలిచారు. పడవ కోసం కాచుకున్నవాళ్ళ వరసని తయారు చేసి కాగితం మీద అచ్చేసే ప్రోగ్రాము రాశాం. సంఘం సెక్రటరీ గారు ఆ కాగితాన్ని గోడకి అంటించేవారు.

కంప్యూటరు పని తెలియనివాళ్ళ కోసం ఇక్కడొక ముక్క చెప్పాలి. ప్రోగ్రాము రాసేవాడు రోజూ ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాడు. ఆ మార్పులన్నిటినీ వరసగా దాచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పని ఒక కొలిక్కి వచ్చి, వాడేవాళ్ళకి ఇచ్చే రోజున అప్పటి స్థితికి ఒక చీటీ కడతాం. దాన్ని ట్యాగ్ అంటారు. తర్వాత ఎప్పుడైనా రెండు చీటీల పేర్లు చెప్పి, వీటికి తేడా ఏమిటి అని అడగొచ్చు. మొదటి చీటీలో ఉండి రెండోదాంట్లో లేని వాక్యాన్ని మైనస్ గుర్తుతో ఎర్రగా చూపిస్తుంది. కొత్తగా చేరినదాన్ని ప్లస్ గుర్తుతో పచ్చగా చూపిస్తుంది. మనం ఏ పేరు ముందు చెప్తే అదే పాతదని నమ్ముతుంది. ఎదురు ప్రశ్న వేయదు. మర్యాద ఎక్కువ.

లోకంలో ఈ చీటీలకి ఒకటి పాయింటు సున్నా, ఒకటి పాయింటు ఒకటి అని పేర్లు పెడతారు. మేం ఓడల మీద పెట్టాం. ఆ రోజుల్లో మాకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా, ఆకాశం నుంచి వచ్చేది. వచ్చిన ధోరణి చూస్తే నడిచి వస్తోందేమో అనిపించేది. ఒక ఫొటో పూర్తిగా కనబడే లోపల టీ చల్లారేది. ప్రోగ్రామూ దానితోపాటు తెలుగు, హిందీ అక్షరాల ఫాంట్లూ మెయిల్‌లో తెప్పించడానికి ఒకసారి ప్రయత్నించాం. రెండు రోజుల తర్వాత సగం ఫాంటు వచ్చింది. అప్పట్నుంచి నా స్నేహితుడు అంతా ఒక సీడీలో ఎక్కించి, ఓడలో వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేవాడు. పంపేరోజున చీటీ కట్టేవాడు: ఓడ-1, ఓడ-2, ఓడ-3. మా వైపు ఆ అమ్మాయి సీడీ అందుకున్న రోజే సంఘం కంప్యూటర్లో ఎక్కించి, అచ్చు బాగా వస్తోందా అని చూసి వచ్చేది. ఏ ఓడ చివర వస్తే అదే కొత్తది. ఇంత సులువైన పద్ధతి మెయిన్‌లాండ్‌లో ఎవరికీ ఎందుకు తట్టలేదా అని నేను అప్పుడప్పుడూ ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఒక బుధవారం పొద్దున్నే అప్ప మా ఇంటికొచ్చింది.

శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. ఈమెని జంగ్లీఘాట్‌లో చిన్నా పెద్దా అందరూ అలాగే పిలిచేవారు. మా నాన్న తెలుగు మీడియం బడిలో మాస్టారుగా ఉన్నప్పట్నుంచి మా ఇంటికి చేపలు ఈమె గంపలోంచే వచ్చేవి. ఆ రోజు గంప లేకుండా వచ్చింది. అది చూసి మా అమ్మ భయపడింది.

"ఏటి మాస్టారి బాబూ," అంది గుమ్మంలోంచే. "నాను మూడో నంబరు కదేటి?"

"అవునప్పా."

"మరి ముప్పై ఒకటికెలాగెల్పోయాను? మూడు పక్కన ఒకటెవుడెట్టాడు?"

సంగతేమిటంటే, ఆ నెలాఖరున ఐదు పడవలు పంచుతారు. వర్షాకాలంలో గోడ మీద అంటించిన కాగితంలో అప్ప మూడోది. నిన్న అంటించిన కొత్త కాగితంలో ముప్పై ఒకటోది. ఏడాదికి ఐదు చొప్పున ముప్పై ఒకటో మనిషికి పడవ ఎప్పుడొస్తుందో అప్ప దారిలోనే లెక్క వేసుకుంది. ఆమె లెక్కలో ఆ పాటికి కొడుకు పడవెక్కే వయసు దాటిపోయి ఒడ్డున కూర్చుని వల కుట్టుకునే వయసుకి వస్తాడు. ఆరేళ్ళుగా ఆ కొడుకు ఎవరి పడవ మీదో కూలికి వెళ్తున్నాడు.

"ప్రోగ్రాములో తప్పు ఉండదప్పా," అన్నాను. ఈ మాట నేను ఆ వృత్తిలో ఉన్నంతకాలం చాలామందికి చెప్పాను. "ఇవాళే వచ్చి చూపిస్తాను."

సంఘం ఆఫీసు అంటే రేకుల కప్పు కింద ఒక గది, ఒక బీరువా, గోడకి కాగితం. సెక్రటరీ గారు ఏదో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా జేబులో ఎర్ర పెన్నొకటి, నీలం పెన్నొకటి ఉండేవి. కంప్యూటరు రాకముందు ఇరవై ఏళ్ళు ఆ సంఘం రిజిస్టరు ఆయనే రాశారు. మేం కంప్యూటరు పెట్టినరోజు ఆయన ఆ రిజిస్టరుకి కొత్త అట్ట వేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మా మీద నమ్మకం లేక కాదట. ఊరికేనట.

నేను లాప్‌టాప్ తెరిచాను. చివరి రెండు చీటీలు ఓడ-7, ఓడ-8. ఏడు ముందు చెప్పాను, ఎనిమిది తర్వాత చెప్పాను. చిన్నప్పుడు మా నాన్న నేర్పిన వరస అదే.

తెర మీద చాలా పచ్చ గీతలు, ఫాంట్ల గొడవ. వాటి మధ్యలో ఒక్కటే ఎర్ర ముక్క. అప్ప నా భుజం మీంచి తొంగిచూసింది.

"ఈ ఎర్రదేటి?"

"ఏడులో ఉండి ఎనిమిదిలో పోయింది."

"పోయిందాన్నెందుకు సూపిత్తాది?"

"పోయిందని తెలియాలి కదప్పా."

"పోతే తెల్దేటి? మా పడవ పోతే మాకు కంపూటరొచ్చి సెప్పిందేటి?"

నేను ఆ మాటని విననట్టు చదివాను. ఆ ఎర్ర ముక్క ఒక నియమం. 'ఎవరి పేరు మీద పడవ నంబరు చెల్లుబాటులో ఉందో, వాళ్ళకి పడవ ఉన్నట్టే. వాళ్ళని వరసలో కిందికి దించు.' ఏడులో ఈ నియమం ఉంది. ఎనిమిదిలో లేదు. అంటే ఇప్పుడు ప్రోగ్రాములో అది లేదు. లేని నియమం అప్పని కిందికి దించలేదు. మరి దించిందెవరు?

ఇక్కడ ఆగి ఉంటే నా కథ ఇంత పొడుగుండేది కాదు.

"చూడండి సెక్రటరీ గారూ," అన్నాను. కాలేజీలో చదివినవాడి గొంతు నాకు అవసరమైనప్పుడు వచ్చేది. "ప్రోగ్రాము తరఫు నుంచి అంతా సరిగ్గా ఉంది. జాబితాని ఎవరైనా చేత్తో మార్చి ఉంటేనే ఇలా జరుగుతుంది. కంప్యూటరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

గదిలో ఆయన ఒక్కరి దగ్గరే తాళాలున్న సంగతి, ఆ తాళాల గుత్తి ఆయన చేతిలోనే గలగలమంటున్న సంగతి, నేను గమనించకపోలేదు.

అప్ప గమనించడంలో నాకంటే వేగం. "ఓహో! అలాగా! నీ తోడల్లుడి పేరు మొన్న తొమ్మిదిలో ఉండేది, ఇయ్యాల నాలుగులో ఉంది. సెక్రటరీ బాబూ, నాను సదువుకోలేదు గాని నాలుగు దాకా లెక్కెట్టగల్ను!"

సెక్రటరీ గారు తాళాల గుత్తిని బల్ల మీద పెట్టారు. జేబులో ఎర్ర పెన్ను తీసి తాళాల పక్కన పెట్టారు. కాస్త ఆలోచించి నీలం పెన్ను కూడా పెట్టబోయి, అది సొంతం అని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"ఇరవై ఏళ్ళు రాశాను. రిజిస్టరులో ఒక్క కొట్టివేత ఉంటే చూపించు బాబూ," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మా ఆఫీసుకెళ్ళి నేను సాధించింది మాతో పనిచేసే ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె సమోసా తింటోంది. పూర్తిగా తిని, కాగితంతో చెయ్యి తుడుచుకుని అంది:

"లేకిన్ భయ్యా, సంఘంలో ఉన్నది ఎనిమిది కాదు కదా. ఏడు."

"ఎనిమిది ఎప్పుడో వచ్చింది కదా?"

"హా, వచ్చింది. పహలే ఎనిమిది వచ్చింది, బాద్ మే ఏడు వచ్చింది. మీరు డిగ్లీపూర్ పెళ్ళికెళ్ళారు చూడండి, తబ్. చివర వచ్చింది కదా అని నేనే ఎక్కించాను."

జరిగింది ఇదీ. నా స్నేహితుడు ఓడ-7 సీడీని విశాఖపట్నం ఓడలో వస్తున్న ఒక పెద్దమనిషికి ఇచ్చాడు. ఆ ఓడ బయల్దేరిన రోజే ఇంజను మొరాయించి వెనక్కి వెళ్ళి రేవులో కూర్చుంది. పెద్దమనిషి సీడీ పట్టుకుని అనకాపల్లిలో వాళ్ళింటికి వెళ్ళిపోయాడు. ఈ లోపల ఓడ-8 తయారైంది. దాన్ని ఎవరో చెన్నై మీదుగా తెచ్చి ఇచ్చేశారు. మా అమ్మాయి ఎక్కించింది. వర్షాకాలం జాబితా దానిదే. రెండు నెలలకి ఇంజను బాగై ఓడ కదిలింది. పెద్దమనిషి పరమ బాధ్యత గలవాడు. ఓడ దిగి ఇక్కడి తన ఇంటికి కూడా వెళ్ళకుండా ముందు మా గదికొచ్చి, టవల్‌లో చుట్టిన సీడీని అమ్మాయి చేతిలో పెట్టి, మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళాడట.

ముందు బయల్దేరిన ఓడ ముందు చేరాలని లేదు. ఈ దీవుల్లో పాకుతున్న పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. కాలేజీలో ఓడల గురించి చెప్పలేదు.

ఈసారి ఎనిమిది ముందు చెప్పి, ఏడు తర్వాత చెప్పి తేడా అడిగాను. పొద్దున ఎర్రగా ఉన్న నియమం ఇప్పుడు పచ్చగా కనబడింది. అక్షరం మారలేదు. రంగే మారింది. సెక్రటరీ గారి తోడల్లుడు పడవ లేనివాడు. పైవాళ్ళు కొందరు కిందికి దిగేసరికి ఆయన తొమ్మిది నుంచి నాలుగుకి తనంతట తనే పైకి తేలాడు.

అక్కడితో ఊరుకోవలసింది. కానీ ఏ వాక్యం ఎవరు రాశారో కూడా ఆ ఏర్పాటులో అడగొచ్చు. అడిగాను. నా పేరు చూపించింది.

అప్పుడు నెమ్మదిగా గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఒకరోజు ఇదే అప్ప మా ఇంట్లో చేపలు తూస్తూ, "ఉన్నోడికే మల్లా ఇత్తన్నారు బాబూ, పడవున్నోడికి మల్లా పడవేటి, నీ కంపూటరు సూడదేటి?" అని గట్టిగా అరిచింది. న్యాయమే అనిపించింది. ఆ పూటే నియమం రాసి, ఒక్క వాక్యమే కాబట్టి స్నేహితుడికి మెయిల్‌లోనే పంపేశాను. తర్వాత కమిటీ తీర్మానం లేకుండా ఇలాంటివి పెట్టకూడదని భయం వేసి, తీసెయ్యమని స్నేహితుడికి ఫోన్‌లో చెప్పాను. అతను ఎనిమిదిలో తీసేశాడు. ఏడు అప్పటికే అనకాపల్లిలో ఉంది.

ఆ సాయంత్రం తాళాల గుత్తీ, ఎర్ర పెన్నూ పట్టుకుని బతు బస్తీలో సెక్రటరీ గారింటికి వెళ్ళాను. ఆయన కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. తొమ్మిది కుండీలున్నాయి. అన్నిటికీ పోసేదాకా నన్ను చూడలేదు.

"పొరపాటైందండీ," అన్నాను.

"నోటితో అన్నది పది మందిలో అన్నావు. రాసివ్వు."

రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "'పొరపాటు జరిగినది' అన్నావు. ఎవరివల్ల జరిగినది?"

మళ్ళీ రాశాను. ఈసారి నావల్ల జరిగినది. ఆయన మొదటి కాగితాన్ని ఎడమచేతిలో, రెండోదాన్ని కుడిచేతిలో పెట్టుకుని ఒక్కొక్క పంక్తీ సరిపోల్చారు.

"మొదటిదాంట్లో 'గౌరవనీయులైన' అని ఉంది. రెండోదాంట్లో లేదు. ఎందుకు తీశావు?"

"తొందరలో పోయిందండీ."

"పోదు. ఎవరో తీస్తేనే పోతుంది."

మూడోసారి రాశాను. మూడింటినీ బల్ల మీద పరిచి, మూడోదాంట్లో కొత్తగా చేరిన మాటల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పైన తేదీ వేసి, వరస నంబర్లు వేసి, మూడూ ఫైల్లో పెట్టుకున్నారు. పాతవి పారేద్దామండీ అన్నాను. "పాతది లేకపోతే కొత్తది మెరుగని ఎలా తెలుస్తుంది?" అన్నారు. నా వృత్తి గురించి అంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు. తర్వాత టీ ఇచ్చారు. చక్కెర వేశారు కూడా.

ఓడ-8 మళ్ళీ ఎక్కిస్తే అప్ప మూడో నంబరుకి వచ్చేస్తుంది, గొడవ ముగుస్తుంది అనుకున్నాను. మర్నాడు ఎక్కించాను. కాగితం మారింది. అప్పుడు అసలు గొడవ మొదలైంది.

ఏడో ఓడ పుణ్యమా అని పైకి వచ్చినవాళ్ళంతా సంఘం గదికొచ్చారు. నియమం ఎందుకు తీశారు? పడవ ఉన్నవాడికి మళ్ళీ పడవ ఏమిటి? ఇది అప్ప మాటే. ఆమె గొంతు ఒక్కటే తక్కువ. కమిటీ కూర్చుని, ఈసారి శాస్త్రోక్తంగా తీర్మానం చేసి, నియమాన్ని మళ్ళీ పెట్టమంది. పెడితే అప్ప మళ్ళీ ముప్పై ఒకటి.

సెక్రటరీ గారు ఆమెని మంచిగానే అడిగారు. "నీ పాత పడవ నంబరు ఏటా రెన్యూ చేయిస్తున్నావు. అందుకే కంప్యూటరు నీకు పడవ ఉందనుకుంటోంది. ఆ నంబరు కొట్టించెయ్యమ్మా. ఒక్క అర్జీ. సాయంత్రానికి మూడో నంబరు నీదే."

"ఎందుకు కొట్టించాల?"

"పడవ మునిగిపోయింది కదా."

"మునిగిందని ఎవురు సూసారు?"

ఎవరూ చూడలేదు. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున నీళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు అందరూ గట్టు మీదికి పరుగెత్తారు. తిరిగొచ్చి చూసేసరికి తాడు మాత్రం ఉంది. కొసన తెగి ఉంది. అప్ప లెక్కలో పడవ మునగలేదు, వెళ్ళింది. వెళ్ళినదానికి నంబరు తీసేస్తే, అది ఏ నికోబార్ ఒడ్డునో తగిలి ఉంటే, ఎవరిదని తెచ్చిస్తారు? పైగా ఆ నంబరు ఆమె భర్త స్వయంగా రంగుతో రాసింది. ఆయన సునామీకి రెండేళ్ళ ముందే జ్వరంతో పోయాడు. కొత్త పడవ వస్తే దాని మీద కూడా అదే నంబరు రాయించాలని ఆమె ఉద్దేశం.

"మరి పడవ ఉందా, లేదా?" సెక్రటరీ గారు పెన్ను తెరిచి అడిగారు.

"ఉంది."

"ఎక్కడ?"

"అది తెల్దు."

"అరే అప్పా, ఉంటే కొత్తది రాదు. లేదంటే నంబరుండదు. దోనోం మే ఏక్ బోలో, రెండిట్లో ఒకటి చెప్పు," అన్నాడు కమిటీలో ఒకాయన.

"నానెందుకు సెప్పాల? పడవట్టుకెల్లింది సముద్రం, పోయి దాన్నడుగు."

పడవలు పంచే రోజు ఇంక వారం ఉంది. నేను కలగజేసుకున్నాను. ఎవరూ అడగలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. నంబరు వేరు, పడవ వేరు అని గదిలో అందరికీ వివరించి, జాబితాలో ఒక కొత్త గడి చేర్చాను: 'పడవ ఇప్పుడు తేలుతోందా?' నంబరు ఉన్నా పడవ తేలకపోతే మనిషి కిందికి దిగనక్కర్లేదు. ఒక్క వాక్యం మార్పు. దానికి ఓడ-9 అని చీటీ నేనే కట్టాను. ఏ ఓడా ఎక్కకుండా వచ్చిన మొదటి ఓడ అది. సభ్యులు ఎవరి జవాబు వాళ్ళు చెప్తే మా అమ్మాయి నింపేట్టు ఏర్పాటు.

మూడు రోజుల తర్వాత అచ్చు తీశాం. గడి చేర్చకముందు జాబితానీ, చేర్చాక జాబితానీ పక్కపక్కన పెట్టి తేడా అడిగాను. సంఘంలో చెల్లుబాటు నంబర్లున్న పడవలు ఇరవై ఎనిమిది. ఆ మూడు రోజుల్లో ఇరవై ఏడు మునిగిపోయాయి. తుఫాను లేదు, గాలి కూడా లేదు. సెక్రటరీ గారు కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశారు.

మునగని ఆ ఒక్కటీ అప్పది.

"అప్పా, తేలుతోందని రాయించావేమిటి?" తల పట్టుకుని అడిగాను.

"మునిగిందని నా నోటితో నానన్ను."

"భయ్యా, నేను సమఝాయించాను," అంది మా అమ్మాయి. "ఆమె వినలేదు. మిగతావాళ్ళకి నేనేం చెప్పక్కర్లేదు, వాళ్ళే ముందే మునిగి వచ్చారు."

కమిటీ మళ్ళీ కూర్చుంది. ఒకరు అఫిడవిట్లు తెప్పిద్దామన్నారు. ఒకరు కొత్త ప్రోగ్రాము రాయిద్దామన్నారు. ఆ సలహా ఇచ్చింది నేను. సెక్రటరీ గారు లేచి బీరువా తాళం తీసి, కొత్త అట్ట వేసిన పాత రిజిస్టరు చంకలో పెట్టుకుని, గొడుగు అందుకుని, "పదండి," అన్నారు.

"ఎక్కడికండీ?"

"ఒడ్డుకి. అన్నీ లోపలికి వచ్చి ఉండే వేళ ఇది."

అందరం వెనకాల నడిచాం. సంఘం గది నుంచి పడవలు కట్టే చోటికి ఎంత దూరమో నేను ఆ రోజు వరకూ కొలవలేదు. రోడ్డు దాటితే చాలు. సెక్రటరీ గారు ఒక్కొక్క పడవ దగ్గర ఆగి, దాని మీద నంబరు పైకి చదివి, రిజిస్టరులో ఎదురుగా టిక్కు పెట్టారు. మూడు రోజుల క్రితం మునిగిన పడవలు చక్కగా వరసగా ఊగుతున్నాయి. కొన్నిటికి కొత్త రంగు కూడా వేశారు. వాటి యజమానులు పడవలకేసి కాకుండా మబ్బులకేసి చూస్తున్నారు. నేను లాప్‌టాప్ తెరిచి పట్టుకుని, ఆయన టిక్కు పెట్టినదల్లా అందులోనూ పెడుతూ నడిచాను. ఎండకి తెర మీద ఏమీ కనబడలేదు. అందుకని అందాజుగా పెట్టాను.

చివర ఒక ఖాళీ గుంజ దగ్గర ఆగాం. సెక్రటరీ గారు అప్ప పడవ నంబరు చదివారు. ఆయన ఒకసారి నీళ్ళకేసి చూసి, నీలం పెన్నుతో నెమ్మదిగా, 'ఇక్కడ లేదు' అని రాశారు. మునిగింది అని రాయలేదు. నంబరు కొట్టెయ్యలేదు. రాసింది అప్పకి చదివి వినిపించారు.

"అలాగైతే సరే," అంది అప్ప.

అక్కడే, నిలబడే, వరస తేల్చేశారు. అప్ప మూడో నంబరు. తోడల్లుడు ఐదు. నెలాఖరున పడవ వస్తుంది, దాని మీద పాత నంబరే రాసుకోవచ్చు. మొత్తం పని అరగంటలో అయిపోయింది, మధ్యలో ఒకరికి కొబ్బరిబోండాం కొట్టించడంతో సహా.

నేను లాప్‌టాప్ మూసి, గర్వంగా ఉండకూడదనుకుంటూనే కొంచెం గర్వంగా అప్ప దగ్గరికి వెళ్ళాను. "చూశావా అప్పా, ఏడుకీ ఎనిమిదికీ తేడా పట్టుకోబట్టే కదా, చివరికి నీ మూడో నంబరు నీకొచ్చింది."

అప్ప నన్నూ, లాప్‌టాప్‌నీ, సెక్రటరీ గారి చంకలో రిజిస్టరునీ వరసగా చూసింది.

"రోడ్డు దాటొచ్చి సూత్తే అయిపోయే పనికి, కాలేజీలో నాలుగేల్లేటి సేసినావు బాబూ?"